పీజీ చివరి ఏడాదిలో ఎన్ని లక్ష్యాలు పడతాయి? గంటల లెక్కతో తేల్చుకోండి

మూడో సెమిస్టర్ మొదలవగానే కొత్త నోటుపుస్తకం మొదటి పేజీలో చాలామంది రాసుకునే జాబితా దాదాపు ఒకటే: ప్రాజెక్టు, నెట్ (లెక్చరర్ అర్హతకు, పరిశోధన ఫెలోషిప్‌కు రాసే జాతీయ పరీక్ష), గ్రూప్-2, ఇంగ్లిష్‌లో మాట్లాడటం, పొద్దున నడక, డ్రైవింగ్, ఫోను తగ్గించడం. సంక్రాంతికి ఊరెళ్లే వేళకు ప్రాజెక్టు సగంలో ఉంటుంది. మిగతావి ఆ మొదటి పేజీలోనే ఉంటాయి. బద్ధకమని తమను తాము తిట్టుకుంటారు గానీ చాలాసార్లు తప్పు కూడికలో ఉంటుంది. ఆ ఏడు పనులకు ఎన్ని గంటలు పడతాయో, వారంలో ఎన్ని గంటలు నిజంగా మిగులుతాయో ముందుగా కూడి చూసేవాళ్లు తక్కువ.

అనంతపురం ఎస్కేయూ (శ్రీకృష్ణదేవరాయ యూనివర్సిటీ), కడప యోగి వేమన, కర్నూలు రాయలసీమ వర్సిటీల్లోనూ, వాటి కింద ఉన్న కాలేజీల్లోనూ ఎంఏ, ఎంకాం, ఎమ్మెస్సీ చివరి ఏడాది చదివేవాళ్ల కోసం ఇది రాస్తున్నాం. పీహెచ్‌డీ వాళ్లకు పనికొచ్చే సంగతులు విడిగా, చివరికి దగ్గర్లో ఉన్నాయి.

ముందు పీజీ తేదీలు, తర్వాతే మీ కోరికలు

గోడకు వేలాడే తెలుగు క్యాలెండర్ ఒకటి తీసుకోండి. ఫోన్లో ఉండే క్యాలెండర్ కంటే ఇదే నయం. ఇందులో తిథులు, పండగలు, ముహూర్తాలు కూడా ఉంటాయి, వాటి అవసరం కాసేపట్లో వస్తుంది. డిపార్ట్‌మెంట్ ఆఫీసుకు వెళ్లి అడిగి ఈ తేదీలు ఎర్ర పెన్నుతో గుర్తుపెట్టండి: ఇంటర్నల్ పరీక్షలు, సెమిస్టర్ పరీక్ష ఫీజు కట్టాల్సిన గడువు, ప్రాక్టికల్స్, ప్రాజెక్టు రిపోర్టు ఇవ్వాల్సిన రోజు, వైవా. కచ్చితమైన తేదీ ఇంకా రాకపోతే పోయినేడు ఎప్పుడు జరిగిందో సీనియర్లను అడిగి, దానికంటే రెండు వారాలు ముందే వస్తుందనుకుని రాసుకోండి.

ప్రాజెక్టు గడువు నుంచి వెనక్కి లెక్కేసుకుంటూ రండి. ప్రింటు, బైండింగుకు నాలుగు రోజులు. గడువు వారంలో క్యాంపస్ బయటి జిరాక్సు షాపుల దగ్గర అందరూ ఒకేసారి నిలబడతారు, మీరు అనుకున్న ఒక్కరోజులో అది తేలదు. సంతకాలకు మూడు రోజులు, ఎందుకంటే గైడ్ ఉన్నరోజు హెచ్ఓడీ ఉండరు. చివరి దిద్దుబాట్లకు వారం. గైడ్ చదవడానికి చాప్టర్‌కు రెండు వారాలు, చివరి మూడు చాప్టర్లకే ఆరు వారాలు. ఇలా వెనక్కి వస్తే, ఏప్రిల్ ఆఖర్లో ఇవ్వాల్సిన రిపోర్టు పూర్తి చిత్తుప్రతి మార్చి మొదటి వారానికి సిద్ధం కావాలని తేలుతుంది. ఏప్రిల్ అంతా చేతిలో ఉందనుకున్నవాళ్లు దెబ్బతినేది ఇక్కడే.

బ్యాక్‌లాగ్ ఉంటే మిగతా లక్ష్యాలన్నీ దాని తర్వాతే. ఒక్క పేపర్ మిగిలిపోతే మార్కుల మెమో రాదు, ప్రొవిజనల్ సర్టిఫికెట్ రాదు, ఉద్యోగ దరఖాస్తు ముందుకు కదలదు. హాజరు కూడా ఇప్పుడే చూసుకోండి. 75 శాతానికి తగ్గితే కాండోనేషన్ ఫీజుతో, అంటే లోటును మన్నించమని కట్టే ఫీజుతో, బయటపడొచ్చన్న ధీమా వద్దు. ఆ వెసులుబాటుకూ ఒక హద్దు ఉంటుంది, దానికీ కారణం, సర్టిఫికెట్ చూపించాలి.

గంటల కూడిక

వారానికి 168 గంటలు. ఉదాహరణకు ధర్మవరం నుంచి రోజూ ఎస్కేయూకి వచ్చిపోయే ఎంఏ ఎకనామిక్స్ విద్యార్థిని అనుకోండి. ఇంట్లో మగ్గం ఉంది, సాయంత్రాలు కండెలు చుట్టడానికో, షాపుకు చీరలు తీసుకెళ్లడానికో చెయ్యి వెయ్యాల్సిందే.

నిద్ర రోజుకు ఏడు గంటల చొప్పున 49 గంటలు. మిగిలింది 119. క్లాసులు, లైబ్రరీ కలిపి క్యాంపస్‌లో రోజుకు ఆరు గంటలు, ఆరు రోజులకు 36. ఇక 83. రానుపోను రోజుకు మూడు గంటలు బస్సుల్లో, బస్టాండులో పోతాయి, వారానికి 18. ఇక 65. తిండి, స్నానం, బట్టలు రోజుకు రెండున్నర గంటలు వేసినా 17.5. మగ్గం పనికి 10. ఇప్పుడు 37.5 మిగిలాయి. ఇందులో ప్రాజెక్టుకు 14, సెమిస్టర్ పేపర్లు చదవడానికి 10 తీసేస్తే 13.5 గంటలు.

ఈ 13.5ను చూసి సంబరపడొద్దు. సగానికి కొట్టేయండి. జ్వరం, బంధువుల రాక, తప్పిపోయిన బస్సు, కరెంటు పోవడం, ఊరికే ఫోన్ చూస్తూ కూర్చోవడం, వీటన్నిటికీ సగం పోతుంది. ఫోన్ వాటా ఎంతో ఊహించొద్దు. సెట్టింగ్స్‌లో డిజిటల్ వెల్‌బీయింగ్ తెరిస్తే పోయిన వారం రోజుకు ఎన్ని గంటలు చూశారో అదే చెబుతుంది. ఆ అంకె చూసి చాలామందికి నోట మాట రాదు.

సొంత లక్ష్యాలకు మిగిలేది వారానికి ఆరు గంటలు. అంతే.

హాస్టల్లో ఉండేవాళ్లకు ఆ 18 గంటల ప్రయాణం లేదు కదా అనొచ్చు. నిజమే, కానీ మెస్ దగ్గర క్యూ, నీళ్ల కోసం ఎదురుచూపు, రాత్రి పదకొండు దాటినా ఆగని గది ముచ్చట్లు వాటిలో సగం తినేస్తాయి. హాస్టల్ వాళ్లు ఆరుకు బదులు పది గంటలు వేసుకోవచ్చు. అంతకుమించి వేసుకుంటే రెండో వారానికే పట్టు తప్పుతుంది.

ఆరు గంటల్ని ఇరవై వారాల సెమిస్టర్‌తో గుణిస్తే 120. ఇందులోంచి ‘సున్నా వారాలు’ తీసేయాలి. క్యాలెండర్ మళ్లీ తీయండి. దసరా, దీపావళి, సంక్రాంతి, శివరాత్రి, ఉగాది సరే. వాటితో పాటు మీ ఊరికి సొంతమైనవి ఉంటాయి: కదిరి వాళ్లకు ఫాల్గుణంలో నరసింహస్వామి తేరు, ఆలూరు వైపు వాళ్లకు దసరా రాత్రి దేవరగట్టు, గూగూడు చుట్టుపక్కల వాళ్లకు పీర్ల పండగ, కడప వాళ్లకు పెద్దదర్గా ఉరుసు. మాఘ ఫాల్గుణాల్లో పెళ్లిళ్లు. సేద్యం ఉన్న ఇళ్లలో అక్టోబరు, నవంబరుల్లో శెనక్కాయ పీకే పని, కాయ విడిపించే పని. ఆ వారాల్లో చదువుతామని రాసుకోవడం మనల్ని మనమే మోసం చేసుకోవడం. ఇంటర్నల్స్ వారం, సెమిస్టర్ పరీక్షల ముందు వారం కూడా సున్నాలే. మామూలుగా ఇరవైలో ఐదు వారాలు ఇలా పోతాయి. 15 వారాలు, ఆరు గంటలు: 90 గంటలు.

90 గంటల్లో ఏం పడుతుంది

యూజీసీ నెట్ తీసుకుందాం. జూన్, డిసెంబరు పేర్లతో ఏడాదికి రెండుసార్లు జరుగుతుంది. పేపర్-1లో 50 ప్రశ్నలకు 100 మార్కులు, పేపర్-2లో 100 ప్రశ్నలకు 200 మార్కులు, రెండూ కలిపి మూడు గంటలు, నెగెటివ్ మార్కులు లేవు. పీజీ చివరి ఏడాదిలో ఉన్నవాళ్లు కూడా రాయొచ్చు, అయితే నెట్ ఫలితం వచ్చిన రెండేళ్లలోగా పీజీ 55 శాతం మార్కులతో పూర్తి చేయాలి. ఎస్సీ, ఎస్టీ, క్రీమీలేయర్ కాని బీసీ, దివ్యాంగ అభ్యర్థులకైతే 50 శాతం చాలు.

పేపర్-1 సిలబస్ పది యూనిట్లు. యూనిట్‌కు ఏడు గంటలు వేస్తే 70. మిగిలిన 20 గంటల్లో పాత ప్రశ్నపత్రాలు ఆరేడు, తప్పులు చూసుకోవడంతో సహా అవుతాయి. మరి పేపర్-2? దాని బరువు సెమిస్టర్ చదువు మీద పెట్టండి. నాలుగో సెమిస్టర్ పేపర్లలో నెట్ సిలబస్‌తో కలిసే యూనిట్లు ఏవో ఒక సాయంత్రం కూర్చుని గీసుకుంటే, క్లాసు పరీక్షకు చదివిందే అటూ పనికొస్తుంది. కాబట్టి నెట్ పేపర్-1 ఒక్కటే ఈ సెమిస్టర్ లక్ష్యమైతే సరిగ్గా పడుతుంది, ఇరుకుగానైనా. ఎమ్మెస్సీ వాళ్లు రాసే సీఎస్‌ఐఆర్ నెట్ తీరు వేరు. అందులో మూడు భాగాలు, నెగెటివ్ మార్కులూ ఉన్నాయి. అందులో అందరికీ ఉమ్మడిగా ఉండే పార్ట్-ఎ మాత్రం ఇదే 90 గంటల లెక్కలో పెట్టుకోవచ్చు.

గ్రూప్-2 పడదు. స్క్రీనింగ్, తర్వాత మెయిన్స్‌లో రెండు పేపర్లు, రాష్ట్ర చరిత్ర నుంచి రాజ్యాంగం, ఆర్థికం, సైన్స్ దాకా అన్నీ కొత్తగా చదవాల్సిన సరుకు. 90 గంటల్లో ఒక సబ్జెక్టు కూడా పరీక్షకు తగ్గట్టు కుదరదు. నెట్, గ్రూప్-2 రెండూ జాబితాలో ఉంటే గ్రూప్-2ను వైవా తర్వాత చేయాల్సిన పనుల పేజీకి మార్చండి. కోచింగ్ సెంటర్ల వాళ్లు దీనికి ఒప్పుకోరు, వాళ్ల లెక్క వేరు. పీజీ చేస్తూనే కొట్టినవాళ్లున్నారని ఎవరైనా చెబితే, వాళ్లు డిగ్రీ రోజుల నుంచి ఎన్నేళ్లు చదివారో కూడా అడగండి.

చిన్న లక్ష్యాలు ఇంకో విధంగా ఇముడుతాయి. రోజుకు అరగంట నడక, వారానికి ఐదు రోజులైతే రెండున్నర గంటలు. ఆరులోంచి అది తీస్తే మూడున్నరే మిగులుతుంది, అప్పుడు నెట్ పేపర్-1 సగంలో ఆగుతుంది. అందుకని నడకను వేరే ఖాతాలో పెట్టాలి: బస్సు ఒక స్టాపు ముందే దిగడం, హాస్టల్ నుంచి లైబ్రరీకి బండి ఎక్కకుండా వెళ్లడం, రాత్రి అమ్మతో ఫోన్లో మాట్లాడేటప్పుడు నడుస్తూ మాట్లాడటం. కొత్త గంట అడగని లక్ష్యమే చివరి ఏడాదిలో బతికి బట్టకడుతుంది.

పీజీకీ పనికొచ్చే లక్ష్యాలు ఎంచుకోండి

నిజానికి ఎంపికలో మొదటి ప్రశ్న ఇదే కావాలి: ఈ లక్ష్యం ప్రాజెక్టుకు కూడా సాయం చేస్తుందా? చేస్తే దాని గంటలు రెండు ఖాతాల్లోకీ వస్తాయి.

ఎంఏ తెలుగు వాళ్లకు యూనికోడ్ టైపింగ్, అంటే ఏ ఫోన్లో, ఏ కంప్యూటర్లో తెరిచినా చదవగలిగే అక్షరాల్లో కొట్టడం. చాలామంది లఘు సిద్ధాంత వ్యాసాన్ని డీటీపీ సెంటర్‌లో అను ఫాంట్లలో కొట్టిస్తారు. చూడ్డానికి బాగుంటుంది. కానీ ఆ ఫైలు ఫోన్లో తెరిస్తే గజిబిజి అక్షరాలు, అందులో ఒక పదం వెతకడం కుదరదు, కన్వర్టర్‌తో యూనికోడ్‌కు మారిస్తే ఒత్తులు చెదిరిపోతాయి. ప్రతి దిద్దుబాటుకూ మళ్లీ ఆ షాపుకే పోవాలి, మళ్లీ డబ్బులు కట్టాలి. రోజుకు ఇరవై నిమిషాలు ఇన్‌స్క్రిప్ట్ అనే తెలుగు కీబోర్డు సాధన చేస్తే ఆరేడు వారాల్లో చూడకుండా కొట్టేంత రాకపోయినా, సొంతంగా చాప్టర్ టైప్ చేసుకునేంత వస్తుంది. ఫోన్లో తెలుగు ఇప్పటికే వేగంగా కొట్టేవాళ్లు అందులోనే చిత్తుప్రతి రాసి మెయిల్ చేసుకోవచ్చు, తప్పేం లేదు.

ఎకనామిక్స్, కామర్స్, సోషల్ వర్క్ వాళ్లకు ఎక్సెల్. పివట్ టేబుల్, శాతాలు, చార్టు, ఈ మూడూ పది గంటల్లో పట్టుబడతాయి, ప్రాజెక్టు నాలుగో చాప్టర్ మొత్తం వాటి మీదే నిలబడుతుంది. ఆధార గ్రంథాల జాబితా కోసం జొటెరో అనే సాఫ్ట్‌వేర్ ఉచితంగా దొరుకుతుంది; మొదటి వ్యాసం చదివిన రోజు నుంచే అందులో ఎక్కించుకుంటే చివర్లో పుస్తకాల పేర్లు వెతుక్కునే రెండు రాత్రులు మిగులుతాయి. ఇంగ్లిష్ కావాలంటే స్పోకెన్ ఇంగ్లిష్ క్లాసుకు చేరకముందు ఒక పని చేయండి: ప్రాజెక్టు కోసం చదివిన ప్రతి వ్యాసానికీ 150 పదాల సారాంశం ఇంగ్లిష్‌లో రాసి, దాన్ని పైకి చదివి ఫోన్లో రికార్డు చేసి వినండి. వైవాలో మిమ్మల్ని అడిగేది కూడా దాదాపు ఇదే.

స్వయం, ఎన్‌పీటెల్ ఆన్‌లైన్ కోర్సుల్లో ఊరికే చేరొచ్చు, సర్టిఫికెట్ కావాలంటేనే పరీక్ష ఫీజు. నాలుగు వారాల కోర్సు ఒకటి పడుతుంది. పన్నెండు వారాలదానిలో చేరి ఐదో వారం అసైన్‌మెంట్ దగ్గర వదిలేసేవాళ్లే ఎక్కువ. డ్రైవింగ్ మాత్రం సెలవుల్లో పెట్టుకోండి. లెర్నింగ్ లైసెన్స్‌కు ఆరు నెలల గడువుంటుంది, తీసుకున్న 30 రోజుల తర్వాతే అసలు టెస్టుకు వెళ్లగలరు. కాబట్టి సంక్రాంతి సెలవుల్లో లెర్నింగ్ తీసుకుని, పరీక్షలయ్యాక టెస్టుకు వెళ్లే ఏర్పాటు కుదురుతుంది.

లక్ష్యాన్ని రాసే తీరు

‘జేఆర్‌ఎఫ్ (నెట్‌లో పైమార్కులకు ఇచ్చే పరిశోధన ఫెలోషిప్) కొట్టాలి’ అని రాస్తే అది మీ చేతిలో లేనిది. కటాఫ్ ఎంతవుతుందో, పేపర్ ఎలా వస్తుందో ఎవరికి తెలుసు? ‘ఫిబ్రవరి 28లోగా పేపర్-1 పది యూనిట్లు, ఆరు పాత పేపర్లు. సోమ, బుధ, శుక్రవారాలు పొద్దున 5 నుంచి 6.30, ఆదివారం గంటన్నర’ అని రాయండి. ఇందులో తేదీ ఉంది, పరిమాణం ఉంది, వేళ ఉంది, వారానికి కూడితే సరిగ్గా ఆరు గంటలు. ‘బరువు పది కిలోలు తగ్గాలి’ని ‘రాత్రి తొమ్మిది దాటాక తినను, వారానికి ఐదు రోజులు అరగంట నడుస్తా’గా మార్చండి. ‘ఫోన్ తగ్గించాలి’ అనేది అసలు లక్ష్యమే కాదు. ‘చదివే గంటన్నర ఫోన్ పక్క గదిలో’ అన్నది లక్ష్యం.

దాని కిందే ఇంకో వాక్యం ఉండాలి, ఎక్కువమంది రాయనిది ఇదే: చెడ్డ వారంలో కనీసం ఎంత? నెట్‌కు ఇరవై ప్రశ్నలు. నడకకు రెండు రోజులు. టైపింగ్‌కు ఒక పేరా. జ్వరంతో పడుకున్నా, ఇంట్లో పెళ్లి ఉన్నా ఇంత చేయగలనా అని అడిగి, చేయగలనన్నంతే పెట్టుకోండి. సున్నా వారం తర్వాత మళ్లీ పుస్తకం తెరవడమే అన్నిటికంటే కష్టం, ఆ ఇరవై ప్రశ్నలు దారిని తెరిచి ఉంచుతాయి.

వేళ విషయంలో మన ఎండల్ని లెక్కలోకి తీసుకోవాలి. మార్చి మధ్య నుంచి మధ్యాహ్నాలు ఒళ్లు కాలిపోతుంది, ఏప్రిల్, మేల్లో 40 డిగ్రీలు దాటడం మామూలే. పై అంతస్తు హాస్టల్ గదిలో, రేకుల ఇంట్లో ఒంటిగంట నుంచి నాలుగు దాకా చాప్టర్ రాస్తానని పెట్టుకుంటే రాసేది నిద్రలోనే. వానను నమ్ముకున్న రైతు పదును చూసి విత్తినట్టు, బుర్ర పెట్టే పనిని తెల్లవారుజామున 5 నుంచి 8 మధ్య పెట్టండి. మధ్యాహ్నాలకు బుర్ర అక్కర్లేని పనులు: డేటా ఎక్సెల్‌లో ఎక్కించడం, పేజీ నంబర్లు, ఆధారాల జాబితా, ఫారాలు నింపడం. అవి కూడా లైబ్రరీలో ఫ్యాన్ కింద. నడక పొద్దున ఆరున్నరలోపే అయిపోవాలి.

ప్రాజెక్టే పెద్ద లక్ష్యం, అక్కడే ఎక్కువ జారుతుంది

సర్వే ప్రాజెక్టులు తేలిక అనుకుంటారు. 120 ప్రశ్నావళులు నింపాలంటే ఒక్కోదానికి నలభై నిమిషాలు, ఇంటింటికీ తిరగడం కలిపితే రోజుకు ఆరు నుంచి ఎనిమిది. అంటే పదిహేను నుంచి ఇరవై రోజులు. ఏ రోజులన్నది అంతకంటే ముఖ్యం. ఆదోని డివిజన్‌లో కోసిగి, కౌతాళం వైపు పల్లెలకు చలికాలం చివర వెళ్తే సగం ఇళ్లకు తాళాలుంటాయి, జనం మిరప కోతకు గుంటూరు వైపో, కూలి పనికి బెంగళూరుకో వలస వెళ్లి ఉంటారు. అనంతపురం పల్లెల్లో జూన్, జూలైలో విత్తనం వేళ ఎవరూ కూర్చుని మాట్లాడరు. దసరాకు ముందు పదిహేను రోజులు మంచి సమయం, లేదంటే సంక్రాంతికి వలస వెళ్లినవాళ్లు కూడా ఊరికొచ్చే ఆ వారం. అది మీకు సున్నా వారం కదా అంటారా? ప్రాజెక్టుకు మాత్రం సున్నా కాదు. అసలు సర్వేకు ముందు ప్రశ్నావళిని ఐదుగురి మీద పరీక్షించండి, అర్థం కాని ప్రశ్నలు అక్కడే బయటపడతాయి. వంద నింపాక తెలిస్తే చేసేదేమీ ఉండదు.

ల్యాబ్ ప్రాజెక్టుల్లో చిక్కు వేరు. కెమికల్స్ ఆర్డర్ పెట్టిన రోజుకూ చేతికొచ్చిన రోజుకూ మధ్య నెల పట్టొచ్చు. శాంపిళ్లను బయటి సంస్థకు స్పెక్ట్రా కోసం పంపితే వాళ్ల వరుసలో మీ వంతు రావాలి. అందుకే ప్రయోగం మొదలుపెట్టకముందే రెండో, మూడో చాప్టర్లు, అంటే పూర్వ పరిశోధన, పద్ధతులు, రాసిపెట్టేయండి. ఎదురుచూసే వారాలు అప్పుడు వృథా కావు.

గైడ్‌తో మాట్లాడే తీరు నేర్చుకోవాల్సిందే. ‘సార్, ఎప్పుడు రమ్మంటారు?’ అని అడిగితే ‘చూద్దాం’ అనే మాటే వస్తుంది. ఒక కాగితం మీద చాప్టర్లు, తేదీలు రాసుకుని వెళ్లి, ‘సార్, రెండో చాప్టర్ ఈ శుక్రవారం ఇస్తాను. మీకు వీలైతే వచ్చే బుధవారం పది నిమిషాలు వచ్చి కలుస్తాను, ఇందులో ఏమైనా మార్చాలంటే చెప్పండి సార్’ అనండి. తేదీని మీరు ప్రతిపాదించాలి, నిర్ణయం ఆయనకు వదలాలి. చాప్టర్ మొత్తం అయ్యాక ఇద్దామని ఆగొద్దు. పదిహేను పేజీల్లో దిశ తప్పిందని తెలిస్తే దిద్దుకోవచ్చు, యాభై పేజీల తర్వాత తెలిస్తే కన్నీళ్లే. ఇచ్చిన ప్రతిసారీ ఫైలు పేరులో తేదీ పెట్టండి, మెయిల్‌లో ఒక కాపీ ఉంచండి. పెన్‌డ్రైవ్ ఒక్కదాన్నే నమ్ముకున్నవాళ్లు ప్రతి బ్యాచ్‌లో ఒకరుంటారు, జిరాక్సు షాపు కంప్యూటర్ నుంచి వైరస్ ఎక్కి ఫైళ్లు పోయేదీ వాళ్లకే.

ఇంటివాళ్లకు చెప్పడం

లక్ష్యం గురించి ఇంట్లో చెప్పకపోతే మీ ఆరు గంటలు వాళ్లకు ఖాళీ గంటలుగానే కనిపిస్తాయి. అలాగని ‘నాకు టైం లేదు’ అంటే గొడవ. తేదీతో, బదులుగా ఏం చేస్తారో చెప్పండి: ‘నాయనా, శెనక్కాయ పీకే వారం నేనుంటా, కాలేజీకి సెలవు పెడతా. ఆ తర్వాత ఏప్రిల్ నెలాఖరు దాకా ఆదివారం పొద్దున మాత్రం నన్ను పనికి పిలవొద్దు.’ ఏ వారం వస్తారో ముందే తెలిస్తే చాలా ఇళ్లలో ఒప్పుకుంటారు.

అమ్మాయిలకు చివరి ఏడాదిలో ఇంకో ఒత్తిడి ఉంటుంది, సంబంధాలు. చూపులే ఒక్కోసారి రెండు రోజుల చదువు మింగేస్తాయి. ‘ఇప్పుడొద్దు’ అన్నమాట కంటే ‘వైవా అయ్యాక, ఫలానా నెల తర్వాత చూద్దాం’ అన్నమాట నిలుస్తుంది, ఎందుకంటే అందులో గడువుంది, పెద్దలు నలుగురికీ చెప్పుకోగలరు. నాయనకు నేరుగా చెప్పడం కష్టమైతే పెద్దమ్మనో, మేనమామనో ముందు పెట్టండి. రోజూ వచ్చిపోయే అమ్మాయిలు చీకటి పడకముందే ఇల్లు చేరాలి కాబట్టి సాయంత్రం లైబ్రరీ లెక్కలో పెట్టుకోవద్దు. మొదటి క్లాసుకు ముందు గంట దొరికే బస్సు ఉందేమో చూసుకోవడం మేలు.

డబ్బు గురించి ఒక్క మాట. చివరి సెమిస్టర్‌లో ఖర్చులు ఒకేసారి వస్తాయి: పరీక్ష ఫీజు, మూడు నాలుగు ప్రతుల ప్రింటు, బైండింగు, నెట్ దరఖాస్తు, ప్రొవిజనల్ ఫీజు, మెస్ బకాయి. మూడో సెమిస్టర్ నుంచే నెలకు మూడొందలో, ఐదొందలో పక్కన పెట్టడం చివరి ఏడాదికి తగిన పొదుపు లక్ష్యం. ట్యూషన్ చెప్పి సంపాదించాలనుకుంటే ఆ గంటలు కూడా పై కూడికలో వేసి చూడండి. రోజుకు గంట ట్యూషన్ అంటే వారానికి ఆరు గంటలు, అంటే మీ దగ్గరున్నదంతా.

పీహెచ్‌డీ వాళ్లకు

యూజీసీ 2022 నిబంధనల ప్రకారం పీహెచ్‌డీకి కోర్స్‌వర్క్‌తో కలిపి కనీసం మూడేళ్లు, గరిష్ఠంగా ఆరేళ్లు, రీ-రిజిస్ట్రేషన్‌తో మరో రెండేళ్లు. మహిళలకు, 40 శాతానికి మించిన వైకల్యం ఉన్నవాళ్లకు ఇంకో రెండేళ్ల సడలింపు ఉంది; మహిళలకు ప్రసూతి, శిశు సంరక్షణ సెలవు మొత్తం మీద 240 రోజుల దాకా. పెళ్లి, పిల్లలు, ఉద్యోగం లాంటి పెద్ద నిర్ణయాలు ఈ గడువుల పక్కనే రాసుకుని చూడాలి. సెమిస్టర్‌కోసారి రీసెర్చ్ అడ్వైజరీ కమిటీ ముందుకు వెళ్లాలి కదా, ఆ రోజును మీ ఆరు నెలల లక్ష్యానికి గడువుగా పెట్టుకోండి, వేరే తేదీ వెతకొద్దు.

థీసిస్‌లో ఇతరుల రాతలతో పోలిక శాతం గురించి చివర్లో కంగారు పడటం అలవాటైపోయింది. కాపీ రాతలపై యూజీసీ తెచ్చిన 2018 నిబంధనల్లో 10 శాతం దాకా పేచీ లేదు. 10 నుంచి 40 మధ్య ఉంటే ఆరు నెలల్లోపు సవరించి ఇవ్వాలి. 40 దాటితే ఏడాది పాటు సవరించిన ప్రతి ఇవ్వడానికే వీల్లేదు. 60 దాటితే రిజిస్ట్రేషనే రద్దు. ఒక్కో చాప్టర్ అయినప్పుడే లైబ్రరీలో చూపించుకోవడాన్ని లక్ష్యాల్లో చేర్చండి. డిగ్రీ కాలేజీలో పాఠాలు చెబుతూ పార్ట్‌టైం చేసేవాళ్లు పై గంటల కూడికను ఇంకా కఠినంగా వేసుకోవాలి. వాళ్లకు వారానికి నాలుగు గంటలు దొరికినా ఎక్కువే, ఆ నాలుగూ థీసిస్‌కే ఇవ్వాలి.

ఆదివారం ఇరవై నిమిషాలు

వారానికోసారి, ఆదివారం సాయంత్రం, క్యాలెండర్ ముందు కూర్చుని చేసినదానికి టిక్కు పెట్టండి. ఇక్కడ జరిగే పెద్ద పొరపాటు బాకీ మోయడం. ఈ వారం రెండు గంటలు తగ్గాయని వచ్చే వారం ఎనిమిది రాసుకుంటారు. అది నాలుగుకు పడిపోతుంది, మూడో వారం పది. అక్కడితో నోటుపుస్తకం అటకెక్కుతుంది. పోయిన గంటలు పోయినట్టే, వచ్చే వారం మళ్లీ ఆరే.

మూడు వారాలు వరసగా కనీసం కూడా కాకపోతే ఆ లక్ష్యాన్ని సగం చేయండి. సగం చేసినా మరో రెండు వారాలు కదలకపోతే కొట్టేసి, వైవా తర్వాతి పేజీలో రాయండి. కొట్టేసినదాని జాగాలో కొత్తది పెట్టొద్దు, ఆ గంటలు ప్రాజెక్టుకు పోనివ్వండి. అదే పనిగా రాత్రికి ఐదు గంటలు కూడా నిద్ర పట్టకపోవడం, తిండి సయించకపోవడం, ఏం చేసి ఏం లాభమన్న ఆలోచన వదలకపోవడం రెండు వారాలు మించితే లక్ష్యాలన్నీ పక్కన పెట్టి ముందు మనిషితో మాట్లాడాలి. ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ నంబరు 14416కు ఏ వేళలోనైనా, డబ్బులేమీ లేకుండా, తెలుగులోనే మాట్లాడొచ్చు.

వైవా అయిన రెండు వారాలు ఏ కొత్త లక్ష్యమూ పెట్టొద్దు. లైబ్రరీ పుస్తకాలు వెనక్కిచ్చి, హాస్టల్, ల్యాబ్, ఆఫీసుల దగ్గర నో డ్యూస్ సంతకాలు తెచ్చుకోవడానికే అవి సరిపోతాయి. ప్రొవిజనల్, మార్కుల మెమోలు, టీసీ, మైగ్రేషన్ చేతికి రాగానే పేరు, తండ్రి పేరు, పుట్టిన తేదీ టెన్త్ మెమోతో అక్షరం అక్షరం సరిపోయాయో కౌంటర్ దగ్గరే నిలబడి చూసుకోండి, తప్పుంటే అప్పుడే దరఖాస్తు ఇచ్చి రసీదు తీసుకోండి.